నిజాంపేటే ఎందుకంటే...

సొంతూరు వదిలి కొత్త ఊళ్లో కాపురం పెట్టాలంటే ఏం చూస్తారు? ఆఫీసు ఎంత దూరం, మంచి స్కూలుందా, మనవాళ్లున్నారా, గుడి దగ్గరేనా... అమెరికాలో ఓ చిన్న పట్టణాన్ని ఎంచుకునే కొడుకూ, హైదరాబాద్ శివార్లలో నిజాంపేటను ఎంచుకునే తండ్రీ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఇద్దరూ అడగడం మర్చిపోయే ప్రశ్న కూడా ఒకటే!

మకాం మార్చడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు ఎడ్లూ గొడ్లతో సహా వర్ని, బోధన్ ప్రాంతాలకు తరలివెళ్లారు. తుంగభద్ర నీళ్లు పారాక కర్ణాటకలోని గంగావతి, సింధనూరు వైపు నడిచారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ 'క్యాంపు' అనే పిలుస్తారు. అప్పట్లో వాళ్లు చూసుకున్నది ఒక్కటే... నీళ్లు. కాల్వ ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా వెళ్లారు. బడీ గుడీ తర్వాత వచ్చాయి.

వాళ్ల మనవల కాలానికి లెక్క తిరగబడింది. పొలం స్థానంలో ఆఫీసు వచ్చింది. కాల్వ ఎక్కడ పారుతుందన్న ప్రశ్న పోయి, కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్న మిగిలింది. అలా ఎంచుకున్న ఊళ్లలో ముందు వరసలో ఉండే పేరు నిజాంపేట.

హైవే పక్కన పల్లె

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారి మీద కూకట్‌పల్లి, జేఎన్‌టీయూ దాటి మియాపూర్ వైపు సాగితే కుడిచేతి పక్కకు ఓ రోడ్డు చీలుతుంది. ఆ చీలే చోటే నిజాంపేట క్రాస్‌రోడ్స్. ఆ రోడ్డు పట్టుకుని వెళ్తే నిజాంపేట, అది దాటితే బాచుపల్లి, పక్కకు తిరిగితే ప్రగతినగర్. రోడ్డుకు రెండువైపులా టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, స్వగృహ మిఠాయి దుకాణాలు, 'టులెట్' బోర్డులు. వాటి వెనక అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు, వాటి మధ్యలో కొత్తగా లేస్తున్న ఆకాశహర్మ్యాలు.

ముప్ఫై ఏళ్ల కిందట ఈ దృశ్యాన్ని ఊహించడం కష్టం. నగరానికి ఈ వైపున్న శివార్లంటే చేలు, చెరువులు, బండరాళ్ల గుట్టలు, అక్కడక్కడా ద్రాక్షతోటలు. 'అనాబ్-ఎ-షాహీ' ద్రాక్షకు హైదరాబాద్ పెట్టింది పేరు. బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్లలో ఫ్యాక్టరీలుండేవి. అక్కడి ఉద్యోగులకూ మధ్యతరగతికీ హౌసింగ్‌ బోర్డు కూకట్‌పల్లిలో కాలనీ కట్టింది. అదే కేపీహెచ్‌బీ. నగరం దాదాపు అక్కడితో ఆగిపోయేది. ఆ తర్వాత ఉన్నవన్నీ పల్లెలే.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అక్కణ్నుంచి కథ మారింది. ఉద్యోగాలు బాలానగర్ వైపు నుంచి మాదాపూర్ వైపు జరిగాయి. వాటితోపాటు ఇళ్ల వేట కూడా.

కోర్సు... హాస్టల్... ఫ్లాట్!

ఒక తరం సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల జీవితాన్ని మూడు పేర్లలో చెప్పేయొచ్చు. అమీర్‌పేటలో కోర్సు, కేపీహెచ్‌బీలో హాస్టల్, నిజాంపేటలో ఫ్లాట్.

భీమవరం నుంచో, నరసరావుపేట నుంచో, ఖమ్మం నుంచో బీటెక్ పట్టా పట్టుకుని బస్సు దిగిన కుర్రాడు ముందు మైత్రీవనం చుట్టుపక్కల జావానో టెస్టింగో నేర్చుకుంటాడు. కేపీహెచ్‌బీలో ముగ్గురు నలుగురున్న గదిలో మంచం దొరుకుతుంది. ఉద్యోగం వచ్చిన రెండేళ్లకు పెళ్లి. అప్పుడు మొదలవుతుంది అసలు లెక్క. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలలో ఇల్లు కొనాలంటే జీతం సరిపోదు. కేపీహెచ్‌బీలో ఖాళీ స్థలమే లేదు. రోడ్డు దాటి నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళ్తే మాత్రం రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాటు బ్యాంకు లోనుకు అందుబాటులో కనిపిస్తుంది. ఇంకేం, అడ్వాన్స్ ఇచ్చేస్తారు.

దూరం కూడా మరీ ఎక్కువ కాదు. జేఎన్‌టీయూ దగ్గర మలుపు తిరిగితే నేరుగా హైటెక్‌సిటీ రోడ్డు. 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు వచ్చాయి. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో నడవడం మొదలైంది. కాకపోతే ఇక్కడో తమాషా ఉంది. జేఎన్‌టీయూలో మెట్రో ఎక్కి హైటెక్‌సిటీలో దిగాలంటే ముందు అమీర్‌పేట వెళ్లాలి. అక్కడ రైలు మారి మళ్లీ వెనక్కి రావాలి. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టన్నమాట! 2022లో కైతలాపూర్ దగ్గర రైలుపట్టాల మీదుగా వంతెన కట్టాక కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ వెళ్లేవాళ్లకు కాస్త ఊపిరాడింది. అయినా సాయంత్రం ఆరింటికి నిజాంపేట రోడ్డులో ఇరుక్కున్నవాళ్లకు కిలోమీటర్ల లెక్క పనికిరాదు. అక్కడ దూరాన్ని నిమిషాల్లోనే కొలవాలి.

మనవాళ్లున్నారా?

కొత్త ఊరు వెతికేవాళ్లు పైకి చెప్పే కారణాలు వేరు. లోపలుండే కారణం ఒక్కటే... 'అక్కడ మనవాళ్లున్నారా?'. నిజాంపేట విషయంలో ఆ ప్రశ్నకు జవాబు తిరుగులేనిది. బాబాయి కొడుకు రెండో వీధిలో ఉంటాడు. కాలేజీ స్నేహితుడు పక్క అపార్ట్‌మెంట్. వదినగారి చెల్లెలు ప్రగతినగర్. ఒకరిని చూసి ఒకరు వచ్చారు. ముందొచ్చినవాళ్లు తర్వాతవాళ్లకు బిల్డర్‌నీ, బ్యాంకు ఏజెంటునూ, పనిమనిషినీ చూపించారు. సంబంధం కలుపుకున్నంత శ్రద్ధగా ఊరిని కలుపుకున్నారు.

చదువులు మరో ఆకర్షణ. బాచుపల్లి వైపు వీఎన్‌ఆర్ విజ్ఞానజ్యోతి ఇంజినీరింగ్ కళాశాల 1995లో, గోకరాజు రంగరాజు కళాశాల 1997లో మొదలయ్యాయి. తర్వాత కార్పొరేట్ జూనియర్ కాలేజీల క్యాంపస్‌లు, అంతర్జాతీయ పాఠశాలలనే బోర్డులు బారులు తీరాయి. పిల్లాడి ఇంటర్ కోసమని రెండేళ్లకు అద్దెకొచ్చి, అమ్మానాన్నలు ఇక్కడే స్థిరపడిపోయిన కుటుంబాలూ ఉన్నాయి.

ఇక్కడ వీధి చివర నిలబడితే రెండు తెలుగులు కలిసి వినిపిస్తాయి. 'ఏమండీ, కూర ఎంతండీ' అని ఒకరంటే, 'గీడ పెట్టు అన్నా' అని ఇంకొకరు. సంక్రాంతికి అపార్ట్‌మెంట్ల ముందు గొబ్బెమ్మలు, ఆశ్వయుజంలో అదే వాకిట్లో బతుకమ్మలు. ఆషాఢంలో బోనాలెత్తుకుని పాత ఊరివాళ్లు వీధుల వెంట నడిస్తే, బాల్కనీల్లోంచి చూసే కోస్తా పిల్లలు కిందికి దిగొచ్చి వెనకే నడుస్తారు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. అంతకుముందు 'ఇక ఉంటారా, వెళ్లిపోతారా' అన్న చర్చ ఇక్కడి టీ కొట్ల దగ్గర చాలానే నడిచింది. ఉండిపోయారు. కొత్తవాళ్లూ వస్తూనే ఉన్నారు.

వెళ్లేది మాత్రం ఏటా ఒకసారి. సంక్రాంతి ముందురోజుల్లో నిజాంపేట క్రాస్‌రోడ్స్ దగ్గర విజయవాడ, రాజమహేంద్రవరం, ఒంగోలు బస్సుల కోసం సూట్‌కేసులతో జనం రోడ్డు మీదికి వచ్చేస్తారు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరుతాయి. ఆ నాలుగు రోజులూ నిజాంపేట రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది. కాపురం ఇక్కడ, పండగ అక్కడ!

ఇల్లు కదల్లేదు... చిరునామా కదిలింది

నిజాంపేటలో ధర తక్కువగా ఉండటానికి ఇంకో కారణముంది. 2007 ఏప్రిల్ 16న చుట్టూ ఉన్న పన్నెండు పురపాలక సంఘాలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటుచేశారు. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్ అందులో కలిశాయి. నిజాంపేట కలవలేదు. గ్రామ పంచాయతీగానే మిగిలింది. అంటే హైవేకి దగ్గరున్న కాలనీ నగరం, కాస్త లోపలికెళ్తే పల్లె.

జనం మాత్రం అలా అనుకోలేదు. సాఫ్ట్‌వేర్ జీతగాళ్లు వేలల్లో వచ్చి చేరారు. పల్లె కోసం వేసిన రోడ్లు, పల్లె కోసం తవ్విన బోర్లు, పల్లెకు సరిపోయే సిబ్బంది... వాటితోనే ఓ పట్టణం నడిచింది. 'పంచాయతీ పర్మిషన్' అన్నమాట ఇక్కడ ఇల్లు కొన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అనుమతి తీసుకున్న అంతస్తులు కొన్ని, కట్టినవి మరికొన్ని. తర్వాత క్రమబద్ధీకరణ కోసం ఎల్‌ఆర్‌ఎస్, బీఆర్‌ఎస్ అంటూ దరఖాస్తులు పట్టుకుని తిరగడం. ఫ్లాట్ అమ్ముదామంటే కొనేవాడి బ్యాంకు అడిగే కాగితాల్లో ఏదో ఒకటి తక్కువ.

2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగింది. అంతవరకూ రంగారెడ్డి జిల్లా కుత్బుల్లాపూర్ మండలంలో ఉన్న నిజాంపేట, మేడ్చల్ జిల్లా బాచుపల్లి మండలంలోకి వచ్చింది. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్‌లను కలిపి ఏకంగా నగరపాలక సంస్థను చేశారు. 2020 జనవరిలో దానికి తొలి ఎన్నికలు జరిగాయి. 2025 డిసెంబరులో మరో ఇరవై ఆరు పట్టణ సంస్థలతోపాటు దాన్నీ జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. అదే ఇల్లు, అదే గుమ్మం. కరెంటు బిల్లు మీదా పన్ను రసీదు మీదా మాత్రం ఊరు మారుతూ వచ్చింది. పద్దెనిమిదేళ్ల కిందట వద్దనుకున్న కలయిక చివరికి జరిగింది. ఈలోపు కట్టాల్సినవన్నీ కట్టేశారు.

అక్కడ కూడా అవే లెక్కలు

నిజాంపేటలో చాలా ఫ్లాట్లలో పెద్దవాళ్లిద్దరే ఉంటారు. కొడుకో కూతురో అమెరికాలో. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే చలికాలంలో షికాగో వైపు ఉదయం ఎనిమిదిన్నర. వీడియో కాల్‌కు అదే సమయం. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 2010-17 మధ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన విభాగం లెక్కల విశ్లేషణలో తేలింది. అంత వేగంగా పెరిగిన భాష ఇంకోటి లేదన్నారు. వీళ్లంతా డాలస్, న్యూజెర్సీలకే వెళ్లలేదు. మిడ్‌వెస్ట్ అని పిలిచే మధ్య పశ్చిమ రాష్ట్రాల చిన్న పట్టణాలకూ చేరారు.

ఇల్లినాయిస్ రాష్ట్రంలో బ్లూమింగ్టన్, నార్మల్ అని రెండు జంట పట్టణాలున్నాయి. మన సికింద్రాబాద్, హైదరాబాద్‌లలా ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. 2020 జనగణన ప్రకారం రెండూ కలిపితే జనాభా లక్షా ముప్ఫై వేలు. చుట్టూ కనుచూపుమేర మొక్కజొన్న, సోయాబీన్ పొలాలు. షికాగో నుంచి సెయింట్ లూయిస్ వెళ్లే రైలు నార్మల్‌లో ఆగుతుంది. పేరున్న బీమా సంస్థ 'స్టేట్‌ఫామ్' ప్రధాన కార్యాలయం బ్లూమింగ్టన్‌లోనే. 1922లో పుట్టిన ఆ సంస్థ కంప్యూటర్ పనుల కోసం మన ఇంజినీర్లు వరసగా ఆ ఊరు చేరారు. అక్కడో హిందూ దేవాలయం కూడా వెలిసింది. ఇంకా పెద్ద గుడికి వెళ్లాలంటే షికాగో దగ్గర అరోరాలో బాలాజీ ఆలయం ఉంది. వారాంతంలో కారేసుకుని వెళ్లిరావచ్చు.

ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ ఇంకాస్త చిన్నది. జనాభా యాభై వేలు. డీజిల్ ఇంజిన్లు చేసే 'కమిన్స్' సంస్థ అక్కడే 1919లో పుట్టింది. ఆ సంస్థ ఫౌండేషన్ పేరున్న ఆర్కిటెక్టుల ఫీజు తాను భరించి ఊళ్లో స్కూళ్లు, ఇతర ప్రజాభవనాలు గీయించింది. అందుకే అంత చిన్న ఊరికి ప్రపంచం నలుమూలల నుంచి భవనాలు చూడటానికి వస్తారు. మన మెకానికల్ ఇంజినీర్లకైతే ఆ ఊరు చిరపరిచితం.

ఇలాంటి ఊరికి మారాలా వద్దా అని ఆలోచించే తెలుగు జంట ఏం లెక్కేస్తుంది? ఇల్లు పెద్ద నగరాల్లో కన్నా చవక. ఆఫీసుకు పావుగంట. స్కూలుకు బస్సు ఇంటి ముందుకే వస్తుంది. మంచు పడితే ఇబ్బందే, కానీ అలవాటవుతుంది. సోనామసూరి బియ్యం, గోంగూర దొరికే దుకాణం ఎన్ని మైళ్లు? ఉగాదికి నలుగురు కలిసేచోటుందా? అంటే... ఆఫీసు, స్కూలు, ధర, గుడి, మనవాళ్లు. నిజాంపేట జాబితాకూ దీనికీ తేడా మంచు ఒక్కటే!

అందం చూసి ఎంచుకున్న ఆ చిన్న ఊళ్లు దేని మీద నిలబడ్డాయన్నది మాత్రం తర్వాతెప్పుడో తెలుస్తుంది. నార్మల్‌లో మిత్సుబిషి కార్ల కర్మాగారం 2015లో మూతపడింది. 2017లో రివియన్ అనే విద్యుత్ వాహనాల సంస్థ దాన్ని కొనుక్కోబట్టి ఊరు తేరుకుంది. గంట ప్రయాణ దూరంలో ఉన్న పియోరియాకు దశాబ్దాల పాటు 'క్యాటర్‌పిల్లర్' అంటే ప్రాణం. 2017లో ఆ సంస్థ ప్రధాన కార్యాలయాన్ని అక్కణ్నుంచి తరలిస్తున్నట్టు ప్రకటించింది. ముందు షికాగో శివార్లకు, 2022లో టెక్సస్‌కు వెళ్లాలని నిర్ణయించింది. పెద్ద నగరంలో ఒక కంపెనీ పొమ్మంటే రోడ్డుకు అటువైపు ఇంకో కంపెనీ ఉంటుంది. చిన్న ఊళ్లో ఆ ఒక్కటే. హెచ్1బీ వీసా మీదున్నవాళ్లకు ఉద్యోగం పోతే మరోటి వెతుక్కోవడానికి సాధారణంగా ఉండే గడువు 60 రోజులు. ఆ రెండు నెలల్లో ఇల్లు, పిల్లల బడి, ఊరు... అన్నీ వదిలి కదలాల్సి రావచ్చు. 'ఈ ఊరు ఎవరి మీద ఆధారపడి బతుకుతోంది?' ఇల్లు కొనేముందు అడగాల్సిన ప్రశ్న అదే.

నిజాంపేటలో ఈ భయం తక్కువ. చుట్టూ వందల కంపెనీలున్నాయి. కానీ ఈ ఊరు నిలబడింది వేరేదాని మీద. అది తెలియాలంటే మళ్లీ తాతలు అడిగిన ప్రశ్న దగ్గరికే రావాలి.

నీళ్లెక్కడివి... ఎటు పోతాయి?

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు నీళ్లంటే ఒక నమ్మకం. అక్కడ నేల ఒండ్రుమట్టి, ఇసుక. చాలా ఊళ్లలో చేతిపంపు దించితే చాలు నీళ్లు పైకొస్తాయి. ఆ నమ్మకంతోనే నిజాంపేట వచ్చారు. ఇక్కడి నేల అలాంటిది కాదు. పైన కాస్త మట్టి, కింద గట్టి నల్లరాయి, ఎర్రరాయి. రాతిలో పగుళ్లుంటేనే నీళ్లు. ఒక అపార్ట్‌మెంటు బోరులో నీళ్లు పడితే, పక్కదాంట్లో దుమ్ము రేగొచ్చు. ఒకరు ఇంకా లోతుకు వేస్తే పక్కవాళ్ల బోరు ఎండిపోవచ్చు. వందల అడుగులు దించినా ఏప్రిల్ దాటేసరికి గాలే వస్తుంది. ఇక ట్యాంకర్లే శరణ్యం. 2015 చివర్లో ఎల్లంపల్లి నుంచి హైదరాబాద్‌కు గోదావరి నీళ్లు రావడం మొదలయ్యాక శివారు ప్రాంతాలకు పైపులైన్లు, రిజర్వాయర్లు వచ్చాయి. కష్టం తగ్గింది, తీరలేదు. 2024 వేసవిలో నగరమంతా ట్యాంకర్ కోసం ఎదురుచూసింది.

అసలు ఈ రాతినేలలో పాతకాలంవాళ్లు ఎలా బతికారు? చెరువులు కట్టుకుని! వాన నీరు పారిపోకుండా పల్లంలో కట్ట పోశారు. ఒక చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువులోకి, అది నిండితే ఇంకో దాంట్లోకి... ఇలా గొలుసుకట్టుగా. నిండిన చెరువు కింద భూమిలోకి నీరు ఇంకేది, బావులు ఊరేవి. ఎండాకాలం నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేలను శిఖం అంటారు. అందులో ఓ పంట పండించుకున్నా, వానాకాలానికి మళ్లీ చెరువుకే వదిలేసేవారు. నిజాంపేటలో తుర్క చెరువు, ప్రగతినగర్‌లో అంబీర్ చెరువు అలాంటివే.

కాలనీలు వచ్చాక చెరువు పేరు మిగిలింది, దారి పోయింది. అలుగు నుంచి నీళ్లు వెళ్లే కాల్వ ఒకచోట రోడ్డయింది, ఇంకోచోట ప్రహరీ గోడయింది. 2016 సెప్టెంబరులో కుండపోత వానలు కురిశాయి. తుర్క చెరువు నిండి పొర్లింది. ఆ నీళ్లకు పాత దారి గుర్తుంది. బండారి లేఅవుట్ మీదుగానే నడిచాయి. సెల్లార్లు నిండాయి. కార్లు, బైకులు, కరెంటు మీటర్లు మునిగాయి. లిఫ్టులు ఆగిపోయి, మోటార్లు పనిచేయక, చుట్టూ నీళ్లున్నా కొళాయిలో చుక్క రాక జనం పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. నగరంలో సహాయ చర్యలకు ప్రభుత్వం సైన్యం సాయం కోరింది. ఆ వారం నిజాంపేట పేరు రాష్ట్రమంతా మార్మోగింది.

ఎండాకాలం ట్యాంకర్, వానాకాలం ముంపు. రెండూ వేర్వేరు కష్టాల్లా కనిపిస్తాయి. నిజానికి ఒక్కటే. నీళ్లు నిలవాల్సిన చోట ఇళ్లు నిలబడ్డాయి. నిలవాల్సిన నీరు వానకు ఇంటి మీదికొస్తుంది, ఎండకు బోరులోంచి మాయమవుతుంది.

ఇక్కడ మళ్లీ బ్లూమింగ్టన్ గుర్తొస్తుంది. ఆ ఊరికి పెద్ద నది లేదు. అందుకని వాగులకు అడ్డుకట్టలేసి రెండు చెరువులు తయారుచేసుకున్నారు. ఒకటి లేక్ బ్లూమింగ్టన్, ఇంకోటి ఎవర్‌గ్రీన్ లేక్. పట్టణం తాగేది ఆ నీళ్లే. చుట్టుపక్కల మొక్కజొన్న చేలల్లోంచి ఎరువుల నైట్రేట్లు ఆ చెరువులోకి దిగుతాయన్న బెంగ వాళ్లకూ ఉంది. అయినా చెరువును చెరువుగానే ఉంచుకున్నారు. నిజాంపేటకు ఆ పని మన పూర్వీకులే చేసి పెట్టారు. కొత్తగా తవ్వాల్సిన అవసరం లేదు. పూడ్చకుండా ఉంటే చాలు.

కొనేముందు నాలుగు మాటలు

ఇదంతా విని నిజాంపేట వద్దనుకోవాలా? అక్కర్లేదు. ఆఫీసు, బడి, బంధువులు ఉన్నచోటే ఎవరైనా ఉంటారు. ఎత్తు మీద, కాగితాలన్నీ సరిగా ఉండి, పైపులైన్ నీళ్లు వచ్చే ఇళ్లూ ఇక్కడ బోలెడు. కాకపోతే ఎంచుకోవడంలో చూసుకోవాల్సినవి కొన్నున్నాయి.

మొదటిది నక్షా. ఫ్లాట్ బ్రోషర్‌లో ఈతకొలను ఉంటుంది, చెరువుండదు. సర్వే నంబరు తీసుకుని గ్రామ నక్షాలో చూసుకోవాలి. చెరువుల పూర్తి నీటిమట్టం - ఎఫ్‌టీఎల్ - హద్దుల పటాలను హెచ్‌ఎండీఏ తన వెబ్‌సైట్లో పెట్టింది. పాతిక ఎకరాలు అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్ల వరకూ కట్టడాలు ఉండకూడదని నిబంధన.

రెండోది కాలం. చాలామంది ఇల్లు చూడటానికి డిసెంబరులో, సంక్రాంతికి వచ్చినప్పుడు వస్తారు. ఆ నెలలో ఏ ఊరైనా బాగానే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఒకసారి, ఆగస్టులో పెద్ద వాన వెలిసిన గంటకు ఒకసారి వచ్చి చూడాలి. వీలైతే అదే వీధిలో ఏడాది అద్దెకుండి చూస్తే ఇంకా మంచిది.

మూడోది వాచ్‌మన్. బిల్డర్ చెప్పనివి ఆయన చెబుతాడు. 'అన్నా, ఎండాకాలం రోజుకెన్ని ట్యాంకర్లు? సెల్లార్‌లోకి నీళ్లెప్పుడైనా వచ్చాయా?' అని అడిగితే చాలు. గోడ మీద తడి ఏ ఎత్తుదాకా ఎక్కిందో చెయ్యి పెట్టి చూపిస్తాడు.

నాలుగోది మురుగు. వచ్చే నీళ్ల గురించి అడిగేవాళ్లు కూడా పోయే నీళ్ల గురించి అడగరు. అపార్ట్‌మెంటు మురుగు శుద్ధికేంద్రానికి వెళ్తోందా, కాల్వలోకి వెళ్తోందా? ఆ కాల్వ ఎందులో కలుస్తుంది? చాలాసార్లు జవాబు చెరువే. గుర్రపుడెక్క పరుచుకున్న చెరువు పక్కన దోమతెరలు బిగించుకుని బతకాల్సి రావడానికి కారణం ఎక్కడో లేదు, మన బాత్‌రూమ్‌లోనే ఉంది.

ఇల్లు కొన్నాక చేయాల్సినవీ ఉన్నాయి. అపార్ట్‌మెంట్ సంఘం సమావేశమంటే వాచ్‌మన్ జీతం, లిఫ్టు రిపేరు, వినాయకచవితి చందా... అంతవరకే నడుస్తుంటుంది. ఆ జాబితాలో ఇంకుడుగుంత, నాలా పూడిక, చెరువు కట్ట కూడా చేరాలి. క్యాంపుల్లో స్థిరపడిన ఆ పాత రైతులు కాల్వ చూసి వచ్చారు, నిజమే. కానీ వచ్చి ఊరుకోలేదు. నీళ్లు వదలకముందే అంతా కలిసి పొలం కాల్వల్లో పూడిక తీసుకునేవారు. ఎవరి గట్టు వాళ్లు వేసుకునేవారు. ఆ పని చేశాకే అది వాళ్ల ఊరైంది.

నిజాంపేటకు వచ్చి ఇరవై ఏళ్లయినవాళ్లు కూడా 'మీదే ఊరు?' అంటే తెనాలి అనో తణుకు అనో చెబుతారు. వాళ్ల పిల్లలకు ఆ జవాబు నోరు తిరగదు. ఈ రోడ్డు మీదే ఆటో ఎక్కి బడికెళ్లారు, ఈ గుళ్లోనే ప్రసాదం తిన్నారు, ఈ వీధిలోనే బతుకమ్మ చుట్టూ తిరిగారు. వాళ్లకిదే సొంతూరు. తల్లిదండ్రులు ఎంచుకున్న ఊరు పిల్లలకు పుట్టినూరు అవుతుంది. ఆ పుట్టినూళ్లో తుర్క చెరువుకు నీళ్లొచ్చే దారి, పోయే దారి తెరిచి ఉంచడం... ఫ్లాటు రాసివ్వడం కంటే పెద్ద ఆస్తే.